పుట్టేదాక లేవ

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. ఆ సోమవారం పొద్దున ఆగయ్య చేయాలనుకున్న పని చాలా చిన్నది. లేవాలి, మొహం కడుక్కోవాలి, ఎవరికీ కనబడకుండా ఒకచోట కూర్చుని ప్రార్థన చేసుకోవాలి. పొద్దుగూకే దాకా ఏమీ తినకూడదు. అంతే.

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద ఉంటుంది వాళ్ళ ఊరు. ఆగయ్య కోరుట్లలో బియ్యం మిల్లు హమాలి. సమ్మెతో మిల్లు మూతపడింది. భార్య బాలవ్వ బీడీలు చుడుతుంది. పెళ్ళయిన కొత్తలోనే ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆనాటి నుంచి బాలవ్వ రోజూ తెల్లవారుజామున మోకరిస్తుంది. ఆగయ్య అవసరం పడ్డప్పుడు మోకరిస్తాడు. ఒకసారి నడుము పట్టేస్తే పట్టుగా మొదలుపెట్టాడు. నడుము నొప్పి తగ్గింది, ప్రార్థనా తగ్గింది. ఇంటి కప్పు కూలినప్పుడు మళ్ళీ మొదలుపెట్టి, రేకులు పడే దాకా చేశాడు. వాక్యం చదవడం ఎన్నిసార్లు మొదలుపెట్టినా జలప్రళయం దాటలేదు. నీళ్ళు తీయకముందే పుస్తకం మూసేవాడు.

ఇప్పుడు వచ్చిన అవసరం వేరు. కూతురు స్వప్న సిరిసిల్లలో ఉంటుంది. అల్లుడు శ్రావణ్ అక్కడ సాంచలు నడుపుతాడు. బట్ట నేసే మరమగ్గాలను అక్కడ సాంచలే అంటారు. స్వప్నకు నెలలు నిండాయి. కిందటిసారి కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది కాబట్టి కాన్పుకు పుట్టింటికి తీసుకురాలేకపోయారు. బాలవ్వే పోయి దగ్గర ఉందామనుకుంది. మూట కట్టుకునేసరికి బస్సులు ఆగిపోయాయి.

ఆదివారం సాయంత్రం అన్నం పెడుతూ బాలవ్వ మాట తీసింది.

"పోయినసారి బిడ్డ కోసం నేనొక్కదాన్నే మోకరించిన. ఇన్నేండ్లు నీ వంతు గూడ నేనే చేసుకొస్తున్న. ఇగ నాతోని కాదు. నా వంతు నేను చేస్త, నీ వంతు నువ్వు చెయ్యి."

"చేస్త."

"చేస్తననే అంటవు. నడుమల లేస్తవు."

"లేవ."

"పుట్టేదాక లేవొద్దు."

"పుట్టేదాక లేవ," అన్నాడు ఆగయ్య.

బాలవ్వ కూర గిన్నె మీద మూత పెట్టింది. "ఊర్లె మాత్రం ఎవలకు చెప్పకు. దిష్టి తాకుతది."

"మనకు దిష్టి లేదంటివి గద."

"లేదు. అయినా చెప్పకు."

ప్రార్థనకు చోటు కావాలి. ఇంట్లో ఉన్నది ఒకటే గది. వసారాలో తెల్లారేసరికి చుట్టుపక్కల ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలకు కూర్చుంటారు. వాళ్ళ చేతులు ఎంత ఆడితే నోళ్ళు అంత ఆడతాయి. మందిరానికి తాళం ఉంది. పాస్టరయ్య జగిత్యాల నుంచి బస్సులో వచ్చేవాడు. బస్సు లేదు, ఆయన రాలేదు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. చేలల్లో మక్క కంకులు విరిచే జనం. ఆగయ్య చాలాసేపు ఆలోచించాడు. ఊరి మొత్తం మీద మనిషి అడుగుపెట్టని చోటు ఇప్పుడు ఒక్కటే ఉందని కనిపెట్టాడు. రోడ్డు మీది బస్ షెల్టర్. బస్సులే లేనప్పుడు అక్కడికి ఎవరొస్తారు.

సోమవారం పొద్దున పోయి, అరుగు మీద తువ్వాల పరుచుకుని, కాళ్ళు ముడుచుకుని కళ్ళు మూసుకున్నాడు. రోడ్డు మీద ఒక్క బండి లేదు. ఇంతకాలం ఈ చోటు ఎందుకు తోచలేదా అనుకున్నాడు.

షెల్టరు పక్కనే ఇక్బాల్ చాయ్ హోటలు. సమ్మె కాబట్టి ఇక్బాల్ ముందు తలుపు మూసి, వెనక తలుపు తెరిచి నడుపుతున్నాడు. ఉడికిన చాయ్‌పత్త పారబోయడానికి బయటికి వచ్చి ఆగయ్యను చూశాడు.

"ఏమన్నా, బస్సు కోసమా? బంద్ గద."

ఆగయ్య తల అడ్డంగా ఊపాడు.

"చాయ్ తేవాల్నా? వెనకకెళ్ళి తెస్త, ఎవలు చూడరు."

"వద్దు."

ఇక్బాల్ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆగయ్య చాయ్ వద్దనడం, హోటలు పెట్టినప్పటి నుంచి అదే మొదలు.

"ఒక్కపొద్దా?"

ఉపవాసం గుట్టుగా ఉంచాలని పాస్టరయ్య చెప్పాడు. అబద్ధం ఆడొద్దని కూడా చెప్పాడు. ఆగయ్య తల కొంచెం ఊపాడు.

"ఏంటికి?"

ఆగయ్య తువ్వాల కొస సవరించుకున్నాడు.

"ఎన్ని దినాలుంటవే?"

"పుట్టేదాక లేవ," అని ఆగయ్య మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

ఇక్బాల్ మనసులో ఏ చెడూ లేదు. విన్నది విన్నట్టు బుచ్చన్నకు చెప్పాడు. బుచ్చన్న ఆ ఊరి ఉద్యమ కమిటీకి పెద్ద. పక్క ఊరివాళ్ళు అప్పటికే రోడ్డు మీద టెంటు వేసి దీక్షలో కూర్చున్నారు. వీళ్ళ ఊర్లో కూర్చోవడానికి మనిషి దొరకలేదు. ఒకరికి మక్కలు, ఒకరికి షుగరు, ఒకరికి అత్తగారింట్లో పని. పక్క ఊరివాళ్ళు కనిపిస్తే బుచ్చన్న ముఖం తిప్పుకుని పోతున్నాడు. అట్లాంటి మనిషి చెవిన ఈ మాట పడింది. రోడ్డు మీద కూర్చున్నాడు, ఏమీ తినడు, పుట్టేదాక లేవడు. ఆ రోజుల్లో ఆ జిల్లాలో పుట్టవలసింది ఒక్కటేనని బుచ్చన్న నమ్మకం.

చెప్పుల్లేకుండా వచ్చాడు.

"ఆగన్నా, మాకొక్క మాట చెప్పకపోతివి."

ఆగయ్య ఉలిక్కిపడ్డాడు. బాలవ్వ నోరు జారిందేమో అనుకున్నాడు. "నీకెట్ల తెలిసె?"

"ఊరంత తెలిసింది. గిది దాచేదా?"

"దాస్తెనే మంచిది, బుచ్చన్నా."

"ఎందుకు దాచాలె? నీ ఒక్కనిదా? మనందరిది గాదా?"

ఆ మాట ఆగయ్యకు గుండెలో తగిలింది. స్వప్నను ఊరు తన బిడ్డగా అనుకుంటోందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "అందరి దయ ఉండాలె," అన్నాడు.

"ఈసారి పుడతదంటవా?"

"పుడతది. ఆయన మీద భారం వేసిన."

"పోయినసారి ఇచ్చినట్టె ఇచ్చి గుంజుకున్నరు," అన్నాడు బుచ్చన్న. రెండేళ్ళ కిందట ఢిల్లీ నుంచి వచ్చి, చలి పోకముందే వెనక్కి పోయిన ప్రకటన ఆయన మనసులో ఉంది.

ఆగయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అవును. ఇచ్చినట్టె ఇచ్చి తీసుకుండు," అన్నాడు.

బుచ్చన్న ఆ నీళ్ళు చూశాడు. ఎన్నో సభలకు పోయాడు, ఎంతోమంది మాటలు విన్నాడు. పోయిన ప్రకటన కోసం నిజంగా ఏడ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు. నేరుగా పోయి, బంతిపూల దండ తెచ్చి ఆగయ్య మెడలో వేసి, దండం పెట్టాడు. కాన్పుకు ముందే దండ ఎందుకో ఆగయ్యకు అర్థం కాలేదు. ఊరివాళ్ళ ప్రేమ అనుకుని ఊరుకున్నాడు.

మంగళవారం పొద్దున ఆగయ్య వచ్చేసరికి షెల్టరు ముందు షామియానా ఉంది. దాని ఒక గుంజకు మైకు కొమ్ము కట్టి ఉంది. షెల్టరు మీద పెద్ద ఫ్లెక్సీ ఉంది. అందులో కళ్ళు మూసుకుని, దండ వేసుకుని ఎవరో ఉన్నారు. దగ్గరికి పోయి చూస్తే తనే. అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. తెలంగాణ కోసం ఆగయ్య ఆమరణ నిరాహార దీక్ష. దాని కింద ఎర్రగా, పుట్టేదాక లేవ.

అప్పుడు అర్థమైంది. ఆగయ్య ఎప్పుడూ నిదానంగానే అర్థం చేసుకుంటాడు.

"బుచ్చన్నా, గీ మరణం ఏంది?"

"ఏ మరణమే?"

ఆగయ్య వేలు పెట్టి చూపించాడు.

"ఓ, గదా. కోరుట్లల ఫ్లెక్సీ కొట్టేటోడు అందరికి గదే పెడుతుండు. ఫోటో ఒక్కటి మారుస్తడు. నువ్వు గది పట్టించుకోకు."

"నేను గిందుకు కూసోలే."

"మరి దేనికి కూసున్నవ్?"

ఆగయ్య నోరు తెరిచాడు. దిష్టి గుర్తొచ్చింది. నోరు మూశాడు. "చెప్పరాదు," అన్నాడు.

బుచ్చన్న జనం వైపు తిరిగాడు. "చూసిండ్రా. చేసి గూడ పేరు వద్దంటుండు. మనం ఒక చాయ్ ఇడిస్తె ఊరంత చెప్పుకుంటం."

ఇక ఆగయ్య కూర్చున్నాడు. బుచ్చన్న కొత్త దండ తెచ్చి మెడలో వేశాడు. మైకు మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు. ఆగయ్య ప్రార్థనలో ఒక మాట అనుకునేలోపు మైకులో పది మాటలు పడేవి. మొదట దేవుని స్తుతించి, తర్వాత పాపాలు ఒప్పుకుని, ఆ తర్వాత అడగాలని పాస్టరయ్య వరస నేర్పాడు. ఆ గోలలో వరస నిలవలేదు. స్తుతి పోయింది, పాపాలు పోయాయి. చివరికి మిగిలింది ఒక్క ముక్క. ప్రభువా, బిడ్డను చూడు. దాన్నే మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. మధ్యలో ఎప్పుడో పైకి "ఆమెన్" అన్నాడు. ఎవరో "జై" అన్నారు. జనం అందుకున్నారు.

పొద్దుగూకినాక ఇంటికి పోయి ఇంత తిని పడుకునేవాడు. ఆమరణ దీక్షలో ఉన్న మనిషి ఇంటికెందుకు పోతున్నాడని ఒకాయన అడిగాడు. బట్టలు మార్చుకోవడానికని బుచ్చన్న చెప్పాడు. తెల్లారే దాకా బట్టలే మార్చుకుంటాడా అని ఆయన అడగలేదు. ఊరి పరువు ఆయనకూ కావాలి.

సంగతి బీడీల దగ్గర బాలవ్వకు తెలిసింది. చాట పక్కన పెట్టి గబగబా వచ్చింది. షామియానా చూసింది, మైకు చూసింది, ఫ్లెక్సీ చూసింది. ఆమెకు చదువు రాదు. బొమ్మ చాలు. వంగి, చెవి దగ్గర గొణిగింది.

"గుట్టుగ చెయ్యుమంటె షామియానేసి చేస్తున్నవా?"

"నేనెయ్యలే."

"గాదని చెప్పొచ్చు గద."

"గాదంటె మరి దేనికని అడుగుతరు."

బాలవ్వకు ఆదివారం మాట గుర్తొచ్చింది. చెప్పొద్దన్నది తనే. కాసేపు కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"పోనీ, లేసి రా. ఇంట్ల చేసుకుందువు. బీడీలోళ్ళను నేను బయటికి పంపుత."

"లేస్తె ఈసారి గూడ నడుమల లేసినట్టె," అన్నాడు ఆగయ్య.

బాలవ్వ ఆయన ముఖంలోకి చూసింది. గడ్డం మాసి ఉంది. పెదవులు ఎండి ఉన్నాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఒక మాట మీద రెండో రోజు కూడా నిలబడటం ఆమె చూడలేదు. మెడలోని దండ సరిచేసి వెళ్ళిపోయింది. పోతూ పోతూ బుచ్చన్నతో, "గా మైకు జర దూరం పెట్టున్రి. ఆయినకు చెవు నొస్తది," అంది.

"దీక్షల ఉన్నాయన గుండె గట్టిది వదినా," అన్నాడు బుచ్చన్న.

"గుండె గాదు. చెవు అన్న."

బుధవారం బుచ్చన్న వంటా వార్పు పెట్టించాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే తినడం ఆ ఉద్యమంలో ఒక నిరసన. రోడ్డు ఎంతో పొడుగుంది. నీడ మాత్రం షెల్టరు దగ్గరే ఉంది. అందుకని పొయ్యిలు ఆగయ్య ముందే పెట్టారు. వంకాయ కూర, పప్పుచారు, చివరికి మక్క గారెలు. నూనె కాగిన వాసన నేరుగా ఆగయ్య మీదికి వచ్చింది. తినేవాళ్ళు ఆయన వైపు చూసి, "గొప్పోడు," అనుకుంటూ ఇంకొక గారె వేయించుకున్నారు. ఆగయ్య ప్రార్థన ఆ మధ్యాహ్నం మరీ చిన్నదైంది. ప్రభువా, చూడు. అంతే. ఎవరిని చూడాలో దేవునికే వదిలేశాడు.

ఆడవాళ్ళు వచ్చి షెల్టరు ముందు బతుకమ్మ ఆడారు. ముత్తవ్వ అని ఒక ముసలమ్మ రోజూ పొద్దున్నే వచ్చి ఆగయ్య పక్కన అరుగు మీద కూర్చునేది. ఆమె ఏమీ అడగదు, ఏమీ చెప్పదు. కూర్చుంటుంది. ఎండ ఎక్కినాక లేచి పోతుంది. ఆ జనంలో ఆగయ్యకు ఇబ్బంది కలిగించని మనిషి ఆమె ఒక్కతే.

ఆ బుధవారమే పాస్టరయ్య జగిత్యాల నుంచి ఎవరి మోటారు సైకిలు మీదో వచ్చి దిగాడు. ఫోటో ఆయన దాకా పోయింది.

"ఏంది ఆగయ్యా ఇది? తలుపేసుకొని చెయ్యిమని నేను చెప్పింది గిదేనా?"

"తలుపెక్కడున్నది అయ్యగారూ," అన్నాడు ఆగయ్య. షెల్టరుకు మూడు గోడలే.

"లే ముందు."

"లేవ."

పాస్టరయ్య ఇంకేదో అనబోయాడు. అంతలో బుచ్చన్న వచ్చి, పెద్దలు వచ్చారు, రెండు మాటలు చెప్పాలని మైకు చేతిలో పెట్టాడు. పాస్టరయ్య వద్దన్నాడు. తర్వాత జనాన్ని చూశాడు. ఆయన మందిరంలో ఆదివారం ఎప్పుడూ పది పన్నెండు మందే ఉంటారు. అందులో ఇద్దరు నిద్రపోతారు. ఇక్కడ రోడ్డు నిండా మనుషులు, అందరూ మేలుకుని, ఆయన వైపే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. బానిసత్వం నుంచి బయలుదేరిన జనం గురించి మొదలుపెట్టాడు. ఎడారిలో వాళ్ళు నడిచినంత సేపూ మాట్లాడాడు. జనం మధ్య మధ్య చప్పట్లు కొట్టారు. దిగి వచ్చేసరికి ఆగయ్యను లేపాలన్న సంగతి ఆయనకు గుర్తులేదు. "నిలకడగా ఉండు," అని భుజం తట్టి మోటారు సైకిలు ఎక్కాడు. తాళంచెవి మళ్ళీ ఆయన జేబులోనే పోయింది.

గురువారం పోలీసు జీపు వచ్చింది. ఎస్సై, ఆయన వెంట ఒక డాక్టరు. డాక్టరు ఆగయ్య చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, చూసి, పర్వాలేదన్నాడు. ఎస్సై ఫ్లెక్సీ వైపు చూశాడు.

"పర్వాలేదంటె ఎట్ల? ఆమరణ అని రాసి ఉన్నది. ఈయనకేమన్న అయితె రేపు నా మీదికొస్తది. ఆగయ్యా, లే. జగిత్యాల ఆసుపత్రికి పోదాం."

"లేవ సారూ."

"ఎన్నడు లేస్తవు మరి?"

"పుట్టేదాక."

"గది నా చేతిల లేదు, నీ చేతిల లేదు."

"అవును సారూ. ఆయన చేతిల ఉన్నది."

ఎస్సై కానిస్టేబుళ్ళకు సైగ చేశాడు. జనం అడ్డం వచ్చారు. ఆగయ్య షెల్టరు ఇనుప పైపును రెండు చేతులా పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు బియ్యం బస్తాలు మోసిన చేతులు. ఇద్దరు కానిస్టేబుళ్ళు లాగితే పైపు కదిలింది గాని ఆయన కదలలేదు. బుచ్చన్న మైకు తెచ్చి ఆయన గడ్డం కింద పెట్టాడు. "అన్నా, నిన్ను తీసుకపోకముందు జనానికి ఒక్క మాట చెప్పు."

ఆ సమయంలో బాలవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఆమె చేతిలో సెల్‌ఫోను మోగుతోంది. ఎత్తకుండా, నిప్పును పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది.

"శ్రావణ్. పొద్దుగాల దవాఖానకు తీసుకపోయిండ్రట. నాకు భయమైతుంది. నువ్వెత్తు."

ఆగయ్య పైపు వదిలేశాడు. కానిస్టేబుళ్ళు కూడా ఆయన్ని వదిలేశారు. బాలవ్వ ముఖం చూస్తే ఎవరైనా వదిలేస్తారు. ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల ఏవో గొంతులు, ఏదో ఇనుప మంచం లాగిన చప్పుడు. తర్వాత శ్రావణ్ గొంతు.

"మామా, పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు."

బాలవ్వ ఆయన పెదవుల వైపే చూస్తోంది.

"పుట్టింది," అన్నాడు.

మైకు గడ్డం కిందే ఉంది. మాట కొమ్ములోంచి ఊరంతా పోయింది.

మొదట ఎవరో ఏడ్చినట్టు వినిపించింది. ఆ తర్వాత డప్పులు. ఎప్పటికైనా పనికొస్తాయని బుచ్చన్న దాచిపెట్టిన పటాకులన్నీ రోడ్డు మీద పేలాయి. ఎన్నడూ మాట్లాడుకోని దాయాదులు కౌగిలించుకున్నారు. కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు తీశారు. పుట్టిందట అన్న మాట కోరుట్లకు పోయింది, అక్కడి నుంచి మెట్‌పల్లికి పోయింది, ఇంకొక దారిన జగిత్యాలకు పోయింది. పక్క ఊరి టెంటులో దీక్షలో ఉన్నవాళ్ళు నిమ్మరసం తాగి, టెంటు విప్పి, ఊరేగింపు కట్టారు. ఇక్బాల్ హోటలు ముందు తలుపు తెరిచి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చాయ్ పోశాడు. గోలలో బాలవ్వ ఆగయ్య భుజానికి తల ఆనించి నిలబడింది. వాళ్ళిద్దరికీ మిగతా జనం ఎందుకు ఏడుస్తున్నారో ఆ కాసేపు తట్టలేదు.

ఎస్సై జీపు దగ్గరికి పోయి పైవాళ్ళకు ఫోను చేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన నడక నెమ్మదిగా ఉంది.

"టీవీల ఏం లేదంటున్నరు. ఆగయ్యా, నీకు ఫోను చేసిందెవలు?"

"మా అల్లుడు."

"ఢిల్లీల ఉంటడా?"

"సిరిసిల్లల."

"ఏం చేస్తడు?"

"సాంచలు నడుపుతడు."

ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "సాంచలు నడిపేటాయనకు రాష్ట్రం పుట్టిందని ముందుగాల ఎట్ల తెలిసింది?"

"రాష్ట్రం గాదు సారూ. బిడ్డ."

"ఎవలి బిడ్డ?"

"నా బిడ్డకు బిడ్డ."

మైకు ఎవరూ ఆపలేదు. ఈ మాటలూ ఊరంతా పోయాయి. డప్పులు ఒకటొకటిగా ఆగాయి. చివరి పటాకు ఒకటి ఆలస్యంగా పేలి, సిగ్గుపడినట్టు ఊరుకుంది. బుచ్చన్న సెల్‌ఫోను మోగింది. పక్క ఊరి వాళ్ళు. "అరే బుచ్చన్నా, మేం నిమ్మరసం తాగినం. ఇప్పుడెట్ల?" అని అడుగుతున్న గొంతు పక్కవాళ్ళకు కూడా వినిపించింది. బుచ్చన్న ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు.

"ఆగన్నా, నువ్వు కూసున్నది దీనికా?"

"దీనికే."

"ఒక్క మాట చెప్తె అయిపోతుండె."

"పోయినసారి ఇచ్చినట్టె ఇచ్చి గుంజుకున్నరని నువ్వె అంటివి. తెలిసే అన్నవనుకున్న."

బుచ్చన్న అరుగు మీద కూలబడ్డాడు. ఆ రోజు ఆయన అన్న మాటలు, ఈయన అన్న మాటలు ఒకటొకటే గుర్తు చేసుకున్నట్టున్నాడు. తర్వాత తల ఎత్తాడు. "స్వప్న మంచిగున్నదా?" అన్నాడు.

"మంచిగున్నది," అంది బాలవ్వ.

"గది చాలు తియ్," అన్నాడు. కానీ ఆయన గొంతు చాలినట్టు లేదు. జనం తలలు వంచుకుని కదులుతున్నారు. ఇద్దరు ఫ్లెక్సీ తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. ఆగయ్య తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. అడిగింది దొరికింది. ఇక లేవడమే.

"ఆగయ్యా," అంది ముత్తవ్వ. ఎండ ఎక్కినా ఆమె ఆ రోజు లేచి పోలేదు, తన చోటనే కూర్చుని ఉంది. "నువ్వు నీ దాని కోసం కూసుంటివి. మేం నీ పక్కపొంటి కూసుంటిమి. తెల్వక కూసున్నం, అయినా కూసున్నం. నీది పుట్టింది, సల్లగుండనీ. మాది ఇంక పుట్టలే. మా కోసం నువ్వు కూసోవా?"

ఆగయ్య బాలవ్వ వైపు చూశాడు. ఆమె వద్దంటుందని కొంత ఆశ.

"కూసో," అంది బాలవ్వ. "అడిగింది దొరికినంక ఎన్నడన్న కూసున్నవా?"

ఆగయ్య తువ్వాల మళ్ళీ పరిచాడు. ఫ్లెక్సీ మాత్రం తీసెయ్యమన్నాడు. మైకూ వద్దన్నాడు. పొద్దున ఎండ ఎక్కే దాకానే కూర్చుంటానన్నాడు. బుచ్చన్న అన్నిటికీ సరేనన్నాడు.

ఎస్సై ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. తప్పుడు వార్త పుట్టించినందుకు ఎవరినైనా పట్టుకోవాలా, వార్త తప్పు కాదు కదా అన్నది ఆయనకు తేలలేదు. చివరికి బాలవ్వతో, "మూట కట్టుకున్నవా అవ్వా? జగిత్యాల దాక దించుత. బండి ఉత్తగ ఎందుకు పోవాలె," అన్నాడు. ఆగయ్యను తీసుకుపోవడానికి వచ్చిన జీపులో బాలవ్వ పోయింది. జగిత్యాలలో వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే పాలవ్యాను ఒకటి దొరికిందని, మనుమరాలికి జుట్టు బాగా ఉందని సాయంత్రం ఫోను చేసింది.

శుక్రవారం తెల్లవారింది. ఇంట్లో బాలవ్వ లేదు. లేపేవాళ్ళు లేరు, చూసేవాళ్ళు లేరు. ఆగయ్య కళ్ళు తెరిచి, రేకుల కప్పు చూసి, మళ్ళీ మూసుకున్నాడు. నిన్న ఆడవాళ్ళ మధ్య ఏదో మాట వచ్చింది గాని, అంత పట్టింపు ఉండదు అనుకున్నాడు. తలుపు చప్పుడైంది.

"అన్నా, ముత్తవ్వ అచ్చి కూసున్నది," అన్నాడు ఇక్బాల్. "నువ్వు రాకుంటె షురూ ఎట్ల చేస్తం?"

"మీరే చెయ్యున్రి."

"మాకేం వస్తది? కండ్లు మూసుకునుడు నీకే వస్తది."

పోయి కూర్చున్నాడు. షామియానా లేదు, మైకు లేదు. పక్కన ముత్తవ్వ, అటువైపు బుచ్చన్న, గోడకు ఆనుకుని ఇక్బాల్. కళ్ళు మూసుకున్నాక ఆగయ్యకు ఏమనాలో తోచలేదు. తన కోసం అడగడానికి ఆ పొద్దున ఏమీ లేదు. ఏమీ లేకుండా దేవుని ముందు కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి. ఇబ్బందిగానే ఉంది. అయినా లేవలేదు. ఎండ వచ్చి కాళ్ళ మీద పడే దాకా అట్లాగే ఉన్నాడు. అప్పుడు పాస్టరయ్య నేర్పిన వరసలో మొదటిది, ఆ గోలలో పోయిన స్తుతి, నిదానంగా నోటికి వచ్చింది.

సమ్మె ముగిసింది. బస్సులు నడిచాయి. షెల్టరులో జనం నిండినా ఆయన మూలలో ఎవరూ కూర్చునేవారు కాదు. మిల్లుకు పోయే ముందు ఆయన వచ్చి కూర్చోవాలి, కూర్చున్నాకే ఇక్బాల్ మొదటి చాయ్ దించాలి, అదొక పద్ధతి అయిపోయింది. ఒకసారి జ్వరమని కబురు పంపితే ముత్తవ్వ ఇంటికే వచ్చి నుదురు పట్టి చూసింది. చల్లగానే ఉందని చెప్పి వెంట తీసుకుపోయింది. సిరిసిల్ల నుంచి తిరిగి వచ్చిన బాలవ్వ ఆమెకు అడ్డం చెప్పలేదు.

రాష్ట్రం పుట్టేనాటికి స్వప్న కూతురు అంగన్‌వాడీకి పోతోంది. అన్నాళ్ళలో ఆగయ్యకు ఒక్క పొద్దున కూడా నిద్ర సరిపోలేదు.